బైండింగుకు ఇచ్చిన సి పుస్తకం

బచేలి,
3 జులై 2001

చిన్నమ్మకు,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న రెండో షిఫ్టులో ఉన్నాడు. అమ్మ ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేయాలో తెలియక వానను తిడుతోంది. ఇనుప గని కొండ మీంచి వాన నీళ్లు కూడా ఎర్రగానే దిగుతున్నాయి. నీకు ఉపోద్ఘాతాలు నచ్చవు కాబట్టి అసలు సంగతికి వస్తాను.

దంతెవాడ కాలేజీలో నా బీఎస్సీ అయిపోయింది. నాన్న ఫిబ్రవరి ఆఖర్న రిటైరవుతాడు. క్వార్టరు ఖాళీ చేసి అందరం కుంట దగ్గర తాత పొలానికి వెళ్లిపోవాలని ఆయన నిర్ణయం. "ముప్పై ఏండ్లు డంపర్ తోలిన, ఇగ ఎడ్లను తోల్త" అంటున్నాడు. ఆయన తోలుకోవచ్చు. నేనేం తోలాలి? పుట్టింది ఇక్కడ, చదివింది ఇక్కడ. నాకు ఉద్యోగం కావాలి, ఈ ఊళ్లోనే కావాలి.

ఒక దారి ఉంది. లోడింగు ప్లాంటు కంప్యూటర్ల పని చూసే కాంట్రాక్టరు జనవరిలో పరీక్ష పెట్టి ఇక్కడివాళ్లలో ఒకరిని తీసుకుంటాడట. ప్రోగ్రామింగు వచ్చి ఉండాలని నోటీసులో రాశారు. ఏ లాంగ్వేజీ అన్నది రాయలేదు. అందుకని మా క్వార్టర్ల లైనులో అందరూ నాకు సలహాదారులైపోయారు. జీతాల సెక్షన్‌లో పనిచేసే పక్కింటాయన కోబాల్ అంటాడు, ఆయన పే స్లిప్పు దాన్లోనే వస్తుందట. మా లెక్కల మాస్టారు పాస్కల్ అంటారు, ఆయన చదివింది అదొక్కటే. హైదరాబాదులో కోర్సులు చేసొచ్చిన కింది ఇంటి అబ్బాయి జావా, ఒరాకిల్, విజువల్ బేసిక్ మూడూ వస్తేనే మనిషి అంటాడు. అతనికి మూడూ వచ్చు, ఉద్యోగం మాత్రం ఇంకా రాలేదు.

నువ్వు నీ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు పెట్టావని అమ్మ చెప్పింది. ఇక్కడ నాకు తెలిసిన కంప్యూటరు ప్లాంటు ఆఫీసులో అద్దం వెనక ఉంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి, నాకు విప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. కాబట్టి నా మనవి ఇది. ఏ లాంగ్వేజీ చదవాలో కనుక్కుని పుస్తకం పంపు. నేను ఇక్కడ కాగితం మీద ప్రోగ్రాములు రాసి పోస్టు చేస్తాను. నువ్వు టైపు చేసి, యంత్రం ఏమన్నదో తిరిగి రాయి.

నీ అక్క కూతురు,
ఉప్పలమ్మ

*

భద్రాచలం,
17 జులై 2001

ఉప్పలూ,

ఉత్తరం పదకొండు రోజులకు వచ్చింది. జగదల్‌పూర్ మీదుగా దేశమంతా చూసి వచ్చినట్టుంది. మీ నాన్న డంపర్ మీద తెచ్చినా ఇంతకంటే ముందే అందేది.

నీ పని మీద మూడు రోజులు తిరిగాను. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన కోచింగు సెంటరులో కోబాల్ సగం ఫీజుకే చెప్తామన్నారు. కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం గండం గడిచిపోయాక దాన్ని అడిగే దిక్కు లేదట. సగం ధరకు వస్తోందంటే వంకాయలైనా సరే నేను అనుమానిస్తాను. మీ బాబాయిని అడిగితే "ఏ బుక్కు సన్నగుంటే అది సదువుమను" అన్నాడు. ఆయన దుకాణం నడుపుతున్నదీ ఆ పద్ధతిలోనే.

చివరికి నా కంప్యూటరు బాగుచేసే ముసలయ్యను అడిగాను. పేరుకే ముసలయ్య, వయసు ఇరవై రెండు. "మేడం, సి వస్తే మిగతావన్నీ పట్టుకోవచ్చు. సి రాకపోతే మిగతావన్నీ మనల్ని పట్టుకుంటయి" అన్నాడు. వివరంగా చెప్పమంటే చెప్పలేకపోయాడు, కానీ ఆ మాట నాకు నచ్చింది. సి ఖాయం చెయ్యి. యంత్రంలో అదేదో ఎక్కించి వెళ్లాడు.

పాత పుస్తకం ఒకటి దొరికింది. అట్టలు ఊడిపోయి ఉన్నాయి. బైండింగుకు ఇచ్చాను, రాగానే పంపుతాను.

ఒకటి గుర్తుంచుకో. నేను టైపిస్టును. ఇంగ్లీషు హయ్యరు ఫస్టు క్లాసు. నాకు ప్రోగ్రామింగు గీగ్రామింగు తెలియదు, తెలుసుకునే వయసూ కాదు. నువ్వేం రాస్తే అది కొడతాను, అంతే.

చిన్నమ్మ

*

బచేలి,
26 ఆగస్టు 2001

చిన్నమ్మకు,

పుస్తకం మొన్న చేరింది. ఆ బైండరు ఎవరో గానీ నెల పైన పట్టింది. అట్టలు మాత్రం ఊడినవి ఊడినట్టే ఉన్నాయి. అతనికి ఇంకేమీ ఇవ్వకు.

పుస్తకం పాత యజమాని మంచి విద్యార్థి. నూట నలభయ్యో పేజీ దాకా పెన్సిలుతో టిక్కులు పెట్టాడు. లెక్క తప్పినచోట "మళ్లీ చెయ్యి మొద్దూ" అని తెలుగులో తనను తానే తిట్టుకున్నాడు. ఎవరో గానీ నాకు నచ్చాడు.

మూడు ప్రోగ్రాములు పంపుతున్నాను. మొదటిది ఒకటి నుంచి వంద దాకా అంకెలు వేస్తుంది. రెండోది పదమూడో ఎక్కం. మూడోది తేదీ చెప్తే ఆరోజు నాన్న ఏ షిఫ్టో చెప్తుంది. ఇది అమ్మ కోరిక. ముప్పై ఏళ్లయినా ఆమె ఇప్పటికీ అన్నం ఎన్నింటికి వండాలో వేళ్ల మీద లెక్క పెట్టుకుంటుంది.

ఈ ఉత్తరం పోస్టు చేశాక నాకు ఇరవై రోజులు నిద్రపట్టదు. తప్పులు ఎన్ని వచ్చినా దాచకుండా రాయి.

ఉప్పలమ్మ

*

భద్రాచలం,
11 సెప్టెంబరు 2001

ఉప్పలూ,

మూడూ ఒక్క దెబ్బకు నడిచాయి. ఒక్క తప్పు లేదు. ముసలయ్యకు చూపిస్తే నోరు తెరిచాడు. "ఫస్టు టైమే కంపైల్ అయిందా? నాకే ఎప్పుడూ కాలె" అన్నాడు. వచ్చిన ఫలితాల కాగితాలు జత చేశాను.

పదమూడో ఎక్కం చాలా అందంగా వచ్చింది. దాన్ని గోడకు అంటించాను. టైపు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ముగ్గురే మిగిలారు, వాళ్లయినా చూస్తారు. మిగతా తొమ్మిది మిషన్ల మీద గుడ్డలు కప్పే ఉన్నాయి. సరే, అది వేరే సంగతి.

ఇంకా కష్టమైనవి రాసి పంపు. నాకేం కుతూహలం లేదు, నీ మంచికోసం చెప్తున్నాను. అర్రేలు అనేవి వచ్చే అధ్యాయం త్వరగా చెయ్యి.

చిన్నమ్మ

*

బచేలి,
8 అక్టోబరు 2001

చిన్నమ్మకు,

మొదటి మూడింటి ఫలితం రాకముందే పంపిన తొమ్మిది ప్రోగ్రాములు కూడా ఒక్క దెబ్బకు నడిచాయని చదివి నాకు నా మీద కొత్త గౌరవం పుట్టింది. మొత్తం పన్నెండుకు పన్నెండు. కింది ఇంటి అబ్బాయికి చెప్తే నమ్మలేదు. ప్రపంచంలో ఎవరికీ అలా జరగదన్నాడు. అసూయ అనుకున్నాను.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. సి నాకు వచ్చేసింది. ఇంకా మూడు నెలలు ఉంది కాబట్టి జావాకు మారదామనుకుంటున్నాను. కాంట్రాక్టరు మనుషులు రాయపూర్ వాళ్లు, కొత్త రాష్ట్రం, కొత్త రాజధాని, వాళ్లు కొత్తదే అడుగుతారని ఇక్కడి అంచనా. అమ్మ కూడా దంతేశ్వరి గుడికి వెళ్లి మొక్కుకుంది. లాంగ్వేజీ పేరు చెప్పాలేమో అని నన్ను అడిగింది. జావా అని చెప్పమన్నాను.

పుస్తకం దొరికితే పంపు. బైండింగు వద్దు.

ఉప్పలమ్మ

*

భద్రాచలం,
20 అక్టోబరు 2001

ఉప్పలమ్మకు,

జావా లేదు గీవా లేదు. మొక్కు మార్చుకోమని మీ అమ్మకు చెప్పు.

పన్నెండు ప్రోగ్రాములకే సి వచ్చేసిందట. నేను హయ్యరు పాసవడానికి ఒకే ఉత్తరాన్ని మూడువందల సార్లు కొట్టాను. నీకు పాయింటర్లు ఇంకా రాలేదు. పాయింటర్లు అంటే ఏమిటో నాకు తెలుసని కాదు, పుస్తకంలో ఆ పేరుతో అధ్యాయం ఉందని గుర్తు.

పైగా నా కంప్యూటరుకు జావా మోసే శక్తి లేదని ముసలయ్య అంటున్నాడు. నిన్నటిదాకా ఉంది, ఇవాళ లేదు. ఎందుకని అడగకు. కోబాల్ అంటావు, పాస్కల్ అంటావు, జావా అంటావు. ఒక బావి పదడుగులు తవ్వి ఆపేసి ఇంకోచోట మొదలుపెడితే ఎక్కడా నీళ్లు పడవు. సి మీదే ఉండు. ఇది నా ఆజ్ఞ.

గనికి సంబంధించిన ప్రోగ్రాము ఒకటి రాయి. పరీక్ష పెట్టేది గనివాళ్ల కోసం గదా.

చిన్నమ్మ

*

బచేలి,
22 నవంబరు 2001

టైపు ఇన్‌స్టిట్యూట్ యజమాని శ్రీమతి దుర్గమ్మగారికి,

మీరు పంపిన ఫలితం అందింది. మీరు చెప్పినట్టే గనికి సంబంధించిన ప్రోగ్రాము రాశాను. డంపర్ ఏ తేదీన, ఎన్ని గంటలకు రాయి దింపిందో ఇస్తే, ఒక్కో రోజు మొత్తం ఎన్ని ట్రిప్పులో చెప్పాలి. నాన్న సొంత నోటుబుక్కులోంచి ఒక వారం ట్రిప్పులు తీసుకున్నాను.

ఫలితం నాన్నకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఏంది బిడ్డా, సోమారం ఇరవై రెండు ట్రిప్పులు కొట్టిన. ఐదే అంటదేంది నీ కంప్యూటర్?" అన్నాడు. మిగతా పదిహేడూ మంగళవారంలో పడ్డాయి. ఆ వారం ఆయనది మూడో షిఫ్టు, సోమవారం రాత్రి పదింటికి ఎక్కి మంగళవారం పొద్దున ఆరింటికి దిగాడు. గనిలో రోజు ఆరింటికి మొదలై ఆరింటికి ముగుస్తుంది. మూడో షిఫ్టు మొత్తం ఎక్కిన తేదీదే. ఇది ఇక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

నేను అలాగే రాశాను. నాన్న ట్రిప్పు షీట్ల కార్బను పెట్టి నా ప్రోగ్రాముకు నకలు తీసి ఉంచుకున్నాను, దాన్లో ఆరు అనే ఉంది. ఫలితంతో పాటు మీరు టైపు చేసి పంపిన ప్రోగ్రాము కాగితంలో పన్నెండు ఉంది. యంత్రం తనంతట తాను మార్చదు. అప్పుడు కూర్చుని మొత్తం పోల్చి చూశాను. నా నకలులో తప్పులున్న నాలుగుచోట్ల మీ కాగితంలో తప్పులు లేవు.

చిన్నమ్మా, నా పన్నెండుకు పన్నెండు ఎవరివి? ఒక్కదెబ్బకు నడిచినవి నావేనా? పరీక్ష జనవరి పదకొండున. నాకు ఏమి వచ్చో ఏమి రాదో నాకే తెలియకుండా చేశావు. ఇప్పుడు కుంటకు వెళ్లి ఎడ్లను తోలడానికి నాకు సంచి సర్దుకోవాలని ఉంది. చాలా కోపంగా ఉన్నాను. ఏడుస్తూ కూడా ఉన్నాను, అది అమ్మకు తెలియదు.

ఉప్పలమ్మ

*

భద్రాచలం,
4 డిసెంబరు 2001

నా తల్లి ఉప్పలుకు,

తప్పు నాదే. కప్పిపుచ్చడానికి ఒక అబద్ధం తయారుచేసుకున్నాను, ముసలయ్య మీద వేద్దామని. రాస్తుంటే చెయ్యి రాలేదు.

డ్రాఫ్టు దిద్దడం టైపిస్టు చేతికి ఉండే అలవాటు. ఆఫీసుల వాళ్లు ఇచ్చిన కాగితాలు ఇరవై ఏళ్లు దిద్దాను. ఎవరూ కనిపెట్టలేదు, కనిపెట్టకపోతేనే బాగా దిద్దినట్టు. నీ మొదటి ప్రోగ్రాము కొట్టినప్పుడు యంత్రం ఐదు తప్పులు చూపింది. ఐదూ రాసి పంపితే నువ్వు ఎక్కడ డీలాపడి మానేస్తావో అని భయం వేసింది. నువ్వు మానేస్తే నాకు ఉత్తరాలు ఆగిపోతాయి. అది ఇంకా పెద్ద భయం.

బైండరు అంటూ ఎవరూ లేరు. ఆ టిక్కులు నావే. మొద్దు కూడా నేనే. ముందు చూద్దామని తెరిచాను, ఆపలేకపోయాను. నీకు పుస్తకం పంపేశాక ఇంకొకటి కొన్నాను, మీ బాబాయికి అది వ్రతకథల పుస్తకమని చెప్పాను. జావా వద్దని అరిచింది కూడా అందుకే. సి లో నీ తప్పులు దిద్దగలను, జావాలో దిద్దలేను. కంప్యూటరుకు శక్తి ఉంది, నాకే లేదు.

నీ చేతిరాత కాగితాలన్నీ జాగ్రత్తగా ఉంచాను. అన్నీ పంపుతున్నాను. ఎక్కడ ఏమి దిద్దానో ఎర్ర సిరాతో గుర్తుపెట్టాను. మొత్తం నలభై మూడు. అందులో నలభై రెండు నీవి, ఒకటి నాది. రోజు అర్ధరాత్రికి మారుతుందని ఎవరైనా చెప్తారు గదా అనుకున్నాను. గని చూడనిదాన్ని, నీకంటే నాకు తెలుసనుకున్నాను.

నలభై రెండు తప్పుల్లో సగానికి పైగా ఒకటే రకం. నువ్వు లెక్క మొదలుపెట్టేచోట సరిగ్గానే ఉంటావు, ఆపేచోట ఎప్పుడూ ఒకటి ఎక్కువ తిరుగుతావు. అది చూసుకో. నీకు సి వచ్చు. తప్పుల్లేకుండా రాదు, అంతే. అది ముసలయ్యకూ రాదట.

కోపం తగ్గినా తగ్గకపోయినా పరీక్ష మాత్రం రాయి.

చిన్నమ్మ

*

బచేలి,
14 జనవరి 2002

చిన్నమ్మకు,

నెల రోజులుగా రాయలేదు. మొదటి పది రోజులు కోపం, తర్వాత అంతా నీ ఎర్ర సిరా. నలభై రెండు తప్పులనూ ఒక్కొక్కటే ఎందుకు తప్పో నాకు నేను చెప్పుకున్నాను. అమ్మ నేను మంత్రాలు చదువుతున్నాననుకుంది.

పరీక్షకు పదకొండుమందిమి వచ్చాం. ఏ లాంగ్వేజీలోనైనా రాయవచ్చన్నారు. ఆరు నెలలు మనం కొట్టుకున్నదంతా ఆ ఒక్క వాక్యంతో పోయింది. ప్రశ్న, వ్యాగన్లలోకి పోసిన ఖనిజం రోజువారీ మొత్తం తేల్చడం. కాగితం మీద అరగంటలో అయిపోయింది. ఆపేచోటు మూడుసార్లు చూసుకున్నాను. అప్పుడు చెప్పులు విప్పించి కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. రాసింది కొట్టి చూపించాలి.

చిన్నమ్మా, కీబోర్డు మీద అక్షరాలు వరసలో ఉండవని నాకు ఎవరూ చెప్పలేదు. ఏ తర్వాత బి ఎక్కడుందో వెతకడానికి చాలాసేపు పట్టింది. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే మనిషి అక్క కూతుర్ని, ఆర్నెల్లు ప్రోగ్రాములు రాసినదాన్ని, ఒక్క చూపుడువేలితో కోడి గింజలు ఏరినట్టు ఏరుకుంటూ కూర్చున్నాను. నలభై నిమిషాల్లో పదకొండు లైన్లు కొట్టాను. పక్క అబ్బాయి జాలిపడి "క్యా ఢూంఢ్ రహీ హో దీదీ?" అన్నాడు. పి కోసం వెతుకుతున్నానని చెప్పాను. అతనే చూపించాడు.

టైము అయిపోయింది. ఇక లేచి వెళ్దామనుకుంటుంటే పరీక్ష పెట్టిన సాబు నా కాగితం తీసుకుని చదివాడు. "ఇక్కడ రోజు ఆరింటికెందుకు మారింది? మిగతావాళ్లందరూ పన్నెండు వేశారు" అని హిందీలో అడిగాడు. మూడో షిఫ్టు సంగతి చెప్పాను. ప్లాంటు సూపర్‌వైజర్ను పిలిచి అడిగాడు, ఆయన అదే చెప్పాడు. అప్పుడు సాబు తనే కూర్చుని నా ప్రోగ్రాము కొట్టాడు. రెండు తప్పులు వచ్చాయి. ఆయన తెర చదివేలోపే రెండూ ఎక్కడున్నాయో చూపించాను. వాటిని ఎంత బాగా ఎరుగుదునో నీకు తెలుసు. ఇంత త్వరగా ఎలా పట్టావని అడిగాడు. మా చిన్నమ్మ నేర్పిందన్నాను.

ఉద్యోగం నాకే ఇచ్చారు. మార్చి ఒకటిన చేరాలి. మూడు నెలలు పరీక్షా కాలం. రెండు షరతులు. మొదటిది, నిమిషానికి ముప్పై మాటలు టైపు చెయ్యాలి. రెండోది, ఇక్కడి పనంతా ఫాక్స్‌ప్రోలో ఉందట, అది నేర్చుకోవాలి. చిన్నమ్మా, కోబాల్, పాస్కల్, జావా, ఒరాకిల్, విజువల్ బేసిక్, ఇంతమంది ఇన్ని చెప్పారు గదా, ఫాక్స్‌ప్రో పేరు ఒక్కరైనా ఎత్తారా?

నాన్న మాత్రం కుంటకే వెళ్తానంటున్నాడు. "ఉద్యోగం మంచిదే. ఆడపిల్ల ఒక్కతే ఎట్లుంటది? తోడుండే మనిషెవరు?" అన్నాడు. మనిషి దొరక్కపోతే నన్ను ఇక్కడ వదలడు. బజారు వెనక ఒక గది చూశాను. రెండు మంచాలు పడతాయి.

ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. నీకు ఫాక్స్‌ప్రో నేర్చుకోవాలని ఉందా?

నీ ఉప్పలు

*

భద్రాచలం,
29 జనవరి 2002

ఉప్పలూ,

ఒక్క చూపుడువేలితో కొట్టానని ఇంకెక్కడా చెప్పకు. ఇరవై ఏళ్ల నా పరువు.

మీ నాన్నకు మనిషి దొరికిందని చెప్పు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన బయల్దేరుతాను. తోంగ్‌పాల్ దాకా బస్సు, తర్వాత ఏది దొరికితే అది. ఒక టైపు మిషను తెస్తున్నాను, బస్సు పైన కాదు, ఒళ్లో పెట్టుకుని. పొద్దున గంట, సాయంత్రం గంట. మొదటి నెల వేళ్ల వైపు చూశావంటే స్కేలు తీస్తాను. ముప్పై మాటలన్నారు గదా, నలభై ఐదు కొట్టిస్తాను.

ఇన్‌స్టిట్యూట్ తాళం ముసలయ్యకు ఇస్తున్నాను. ఉన్న ముగ్గురినీ అతనే చూసుకుంటాడు. మీ బాబాయి ఆర్నెల్లయినా వండుకోగలనన్నాడు. మొదటి వారం తర్వాత ఏమంటాడో చూడాలి. వ్రతకథల సంగతి కూడా చెప్పేశాను. తనకు సెప్టెంబరు నుంచే తెలుసట. ఏ వ్రతకథలోనూ అన్ని బ్రాకెట్లుండవని అన్నాడు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. పదో తరగతి అయ్యాక నన్ను బడి మాన్పించి టైపులో చేర్పించారు. అప్పుడు అందరూ ఏదో ఒకటి చెప్పారు. చదవాలని ఉందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక నువ్వు అడిగావు.

ఉంది.

చిన్నమ్మ